ఆదివారం జ్వరం

మంజరికి ఆదివారాల్లోనే జ్వరం వస్తోందని మొదట కనిపెట్టింది వాళ్ళ నానమ్మ హైమావతి.

ఆవిడ ముప్పై మూడేళ్ళు విశాఖపట్నం మునిసిపల్ స్కూళ్ళలో పనిచేసి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. హాజరు పట్టీ మీద ప్రేమ మాత్రం రిటైరవలేదు. మనవరాలికి జబ్బు చేసినప్పటినుంచి ఒక అట్ట రిజిస్టర్లో రూళ్ళకర్రతో గడులు గీసి, తేదీ, ఏం తింది, ఎవరు పెట్టారు, జ్వరం ఎంత అని నాలుగు గడులూ రోజూ నింపుతున్నారు.

"ఇలా చూడమ్మాయ్," అన్నారు ఆ సాయంత్రం, రిజిస్టరు కోడలి ఒళ్ళో పెట్టి. "ఐదు ఆదివారాలు వరసగా ఎర్ర సిరా. మధ్యలో సోమవారం నుంచి శనివారం దాకా ఒక్క ఎర్ర గీత లేదు."

సువర్చల చూసింది. నూరు, నూటొకటి, నూటొకటిన్నర.

"ఆదివారం కెమిస్ట్రీ ట్యూషన్ కదా నానమ్మా. నా ఒంటికి పడట్లేదు," అంది మంజరి సోఫాలో దుప్పటి కప్పుకుని.

"నాలిక కింద థర్మామీటర్ పెట్టుకుని మాట్లాడకూడదు," అన్నారు హైమావతి.

మంజరికి పద్నాలుగేళ్ళు. మూడేళ్ళ కిందట పెద్దపేగులో పుళ్ళు మొదలయ్యాయి. ఒంటికి కాపలా కాయవలసిన కణాలే ఇంటి కుక్క ఇంటివాళ్ళని కరిచినట్టు పేగుని కరుస్తున్నాయి. వాడని మందు లేదు. పేగు తీసెయ్యాలని డాక్టరు తేల్చిన రోజుల్లో, సువర్చల పనిచేసే లాబ్‌లో తయారైన గుళికని ఎథిక్స్ కమిటీ అనుమతితో పిల్లకి ఇచ్చారు. నెల తిరిగేసరికి రక్తం ఆగింది. మంజరి బడికి వెళ్ళింది. మూడంతస్తుల మెట్లు పరుగున ఎక్కి, ఎక్కానని చెప్పడానికి మళ్ళీ దిగింది.

ఇప్పుడు నాలుగు నెలలకి ఈ ఆదివారం జ్వరం. జ్వరం వెనకే, సోమవారం పొద్దున్న బాత్‌రూమ్‌లో రక్తం.

"ఈ నెలాఖరు వరకూ చూస్తాను. తగ్గకపోతే ఇక ఆపరేషనే," అన్నాడు డాక్టరు.

నెలాఖరుకి ఇంకా మూడు వారాలు. మంజరి నాన్న సరుకు ఓడలో ఇంజనీరు, ఏ సముద్రం మీద ఉన్నాడో వాట్సాప్‌లో తప్ప తెలియదు. సువర్చల రిజిస్టరు మూసి అత్తగారికి తిరిగి ఇచ్చింది. రిజిస్టరు చూపిస్తున్నప్పుడు హైమావతి వేలు రెండో గడి మీద ఆగి, మూడో గడి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చిందని ఆమె అప్పుడు గమనించలేదు.

* * *

లాబ్ సాగర్‌నగర్ దాటాక కొండవాలు మీద ఉంది. అక్కడ చేసే పని గురించి బయటివాళ్ళకి చెప్పడం కష్టం. ఆరోగ్యవంతుల మలం తెచ్చి, అందులో బతికే సూక్ష్మజీవుల్ని వందల రకాలుగా విడదీసి పెంచుతారు. ఏ పెళ్ళిలోనో ఎవరైనా ఏం చేస్తారమ్మా అని అడిగితే, ఇమ్యునాలజీ అని చెప్పి సువర్చల మాట మార్చేస్తుంది.

గుళికలో రెండు సంగతులున్నాయి. ఒకటి, కాపలా కణాలు నేర్చుకున్నదంతా మరిచిపోయి ఇరవై ఒక్క రోజులపాటు పసిపిల్లల్లా అయిపోయే మందు. రెండోది, ఒకే ఇంట్లో తింటూ ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగులోంచి తీసి పెంచిన సూక్ష్మజీవులు. ఆ ఇరవై ఒక్క రోజుల్లో పేగులో ఎవరు కనిపిస్తే వాళ్ళని కణాలు మనవాళ్ళని రాసుకుంటాయి. ఆ తర్వాత మరిచిపోవు. మొదటి ఎలక బతికి బట్టకట్టిన ఇరవై ఒకటో రోజున, ఇది దీని బారసాల అని సత్యవేణి సున్నుండలు చేసుకొచ్చింది. అప్పటినుంచి ప్రతి ఎలకకీ, తర్వాత ప్రతి రోగికీ ఇరవై ఒకటో రోజున లాబ్‌లో మిఠాయి పంచడం ఆనవాయితీ అయింది. మంజరి బారసాలకి డైరెక్టరు గారు కూడా రెండు సున్నుండలు తిన్నారు.

సత్యవేణిది నమూనాలు తెచ్చే పని. పదిహేడేళ్ళుగా ఐసు పెట్టె స్కూటరు మీద పెట్టుకుని ఇంటింటికీ తిరిగి డబ్బాలు సేకరిస్తుంది. యాభై దాటినా స్కూటరు వేగం తగ్గలేదు.

"ఏటి మేడమ్, మొకం అలా ఉంది? పాపకి మళ్ళీ వచ్చిందా?" అంది ఆ సోమవారం, గేటు దగ్గరే.

"వచ్చింది. ఆదివారమే ఎందుకొస్తోందో తెలియడం లేదు."

సత్యవేణి హెల్మెట్ తీసి, మళ్ళీ పెట్టుకుని, తాళం మరిచిపోయానంటూ వెనక్కి వెళ్ళింది.

సువర్చల ఇంటినుంచి పప్పు, నీళ్ళు, కందిపొడి, చివరికి దిండు గలీబు కూడా తెచ్చింది. రిసెర్చి స్కాలరు ఫిరోజ్ అన్నీ పరీక్షించి, "మీ కందిపొడి తప్ప దేంట్లోనూ విశేషం లేదు మేడమ్. అది చాలా బాగుంది," అన్నాడు.

ఆమెకి నవ్వు రాలేదు. లాబ్ నుంచి తనే ఏదైనా ఇంటికి మోసుకెళ్తోందా? చేతులు మూడుసార్లు కడిగి స్పిరిట్ రాసుకునేది. చర్మం పగిలింది. ఆ ఆదివారం అసలు ఇంట్లోనే ఉండకుండా లాబ్‌కి వచ్చి కూర్చుంది. సాయంత్రం ఫోన్ చేస్తే హైమావతి, "తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు," అన్నారు.

సంతోషించాలో భయపడాలో అర్థం కాలేదు. ఒక్క ఆదివారం లెక్కలోకి రాదు. బుధవారం సెలవు పెట్టి ఇంట్లో ఉంది. మధ్యాహ్నం మంజరి అన్నం తిననని మారాం చేస్తే ఈ మధ్య ఆదివారాల్లో చేస్తున్నట్టే కంచంలో చేత్తో కలిపి నాలుగు ముద్దలు పెట్టింది. సాయంత్రానికి నూటొకటి.

అప్పుడు రిజిస్టరు తెరిచి మూడో గడి చదివింది. మామూలు రోజుల్లో 'తనే, చెంచాతో'. హాస్పిటల్లో అలవాటైన చెంచా. నానమ్మ పొయ్యి మీంచి దించి వడ్డించిన అన్నం పొగలు పోకముందే తినెయ్యడం. ఎర్ర సిరా ఉన్న ప్రతి రోజూ మూడో గడిలో గుండ్రటి అక్షరాలతో ఒకే మాట ఉంది. 'అమ్మ'.

"మీరిది చూశారా అత్తయ్యగారూ?"

"చూశాను."

"చెప్పలేదేం?"

"తల్లికి ఎలా చెప్తారమ్మా అది," అన్నారు హైమావతి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

* * *

సువర్చల తలలో ఒకే ప్రశ్న తిరిగింది. గుళిక అత్తగారి నమూనాతో తయారైంది. అత్తగారూ తానూ పదహారేళ్ళుగా ఒకే వంటింట్లో తింటున్నారు. ఈ ఇంటివాళ్ళని మనవాళ్ళని నేర్పడానికే ఆ గుళిక. అలాంటప్పుడు తన చేతిమీదుండే సూక్ష్మజీవులు మంజరి ఒంటికి శత్రువులెలా అయ్యాయి?

అత్తగారిని మళ్ళీ నమూనా అడిగింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"మళ్ళీనా?"

"పోల్చి చూడాలి. మీకు ఇబ్బందని తెలుసు."

మర్నాడు పొద్దున్న హైమావతి గది గుమ్మం బయట మూడు పొరల న్యూస్‌పేపరు చుట్టి, పైన పురికొస కట్టిన పొట్లం ఉంది. తలుపు లోపల గడియ వేసి ఉంది.

లాబ్‌లో గుంతపొంగనాల పెనంలా వరసగా గుంటలున్న చిన్న ప్లేటు ఉంటుంది. ఒక్కో గుంటలో మంజరి కాపలా కణాల్ని పోసి, ఒక్కొక్కరి నమూనా ఒక్కో చుక్క వేశారు. పరాయిదైతే నీలి దీపం కింద గుంట పచ్చగా వెలుగుతుంది. మనదైతే చీకటిగా ఉండిపోతుంది.

సువర్చల గుంట వెలిగింది. మంజరి నాన్నది, పాత నమూనా, వెలిగింది. హైమావతిది అన్నిటికన్నా ఎక్కువ వెలిగింది. గుళికలోది మాత్రం నల్లగా ఉంది.

ఫిరోజ్ కుర్చీ వెనక్కి జరిపాడు. "మేడమ్, గుళికలో ఉన్నది మీ అత్తగారిది కాదు."

"ఈ మధ్య ఏదైనా మందు వాడారేమో."

"వాడితే సూక్ష్మజీవుల అడవి పలచబడుతుంది. ఇది వేరే అడవి. వేరే మనిషి."

"లేబుల్ మారిందా?"

"ఆ రోజు వచ్చింది ఒక్కటే డబ్బా. రిజిస్టర్లో సత్యవేణక్క సంతకం ఉంది." కాస్త ఆలోచించాడు. "మన స్టాఫ్ అందరి నమూనాలూ ఫ్రీజర్లో ఉన్నాయి కదా మేడమ్. రేపు వరసగా అన్నిటితోనూ పోల్చేస్తే తెలిసిపోతుంది."

వెనక సింకు దగ్గర సీసాలు కడుగుతున్న సత్యవేణి కొళాయి కట్టేసింది.

భోజనాల వేళ సువర్చల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఫ్రీజర్లో అన్నీ తియ్యక్కర్లేదు మేడమ్. పంతొమ్మిది నెంబరు తియ్యండి. అది నాదే. గుళికలోది కూడా నాదే."

సువర్చల పెన్ను కింద పెట్టింది.

"ఆ రోజు మీ ఇంటికి ఎల్లినాను. టీచర్ గారు డబ్బా సేతిలో పట్టుకుని కూకున్నారు. మూడు దినాలయి కడుపు కదల్లేదంట. కదిలినా కోడలి సేతికి ఇది ఎలా పంపుతానే సత్యవేణీ, రేపట్నించి ఆ పిల్ల మొకం ఎలా సూస్తాను అన్నారు. మేడమ్, ఆవిడ నాకు మూడో తరగతి టీచర్. నాకు అచ్చరాలు రాకపోతే సెయ్యి పట్టుకుని దిద్దించిన మడిసి. ఆయమ్మ కళ్ళనీళ్ళు ఎట్టుకుంటే నానేటి సెయ్యను. పది గంటలకల్లా డబ్బా లాబ్‌లో ఉండాల. దార్లో మా ఇంటికాడ ఆగినాను."

"నీకు తెలుసు కదా అది ఎంత..."

"తెలుసు. అందుకే తప్పు. అప్పటికి నాకు ఎలా అనిపించిందంటే, ముగ్గురి డబ్బాలు తీసుకున్నారు, అందులో ఒకటి ఎంచుతారు, ఇది ఎంచరులే అని. మీరు ఇదే ఎంచినారు. అన్నిట్లోకి బాగుందని సున్నుండలు కూడా తిన్నారు. పాప లేచి తిరుగుతావుంటే ఇంక నోరు రాలేదు మేడమ్. సెప్తే ఆపీస్తారు. ఆపీస్తే పాప?"

సువర్చల బల్ల మీద పగిలిన చేతులు చూసుకుంది. ఈ మనిషిని తిట్టాలి. ఈ మనిషే లేకపోతే ఇవాళ మంజరికి పేగు లేదు. ఈ మనిషి వల్లే తన చెయ్యి తన కూతురికి విషమైంది. ఈ మూడూ నిజాలే. ఏది ముందు అనాలో తెలియక, "భోజనం చేశావా?" అని అడిగింది.

* * *

"ముప్పై మూడేళ్ళు పిల్లలకి అబద్ధం ఆడకండని చెప్పాను," అన్నారు హైమావతి. "అది అబద్ధమని కూడా అనుకోలేదమ్మాయ్. సత్యవేణి చూసుకుంటానంది. ఏం చూసుకుంటుందో అడగలేదు. అడగకపోవడమే నా తప్పు."

"అయితే నేను సత్యవేణాంటీ వాళ్ళింటి పిల్లనా ఇప్పుడు?" అంది మంజరి. నవ్వుతూనే అంది. తర్వాత నవ్వు ఆపి, "అమ్మా, నిజంగా నువ్వు ముట్టుకుంటే వస్తోందా?"

"ముట్టుకుంటే కాదు. ముద్ద కలిపితే."

"ఎప్పటికీనా?"

ఇంకో గుళిక ఇస్తే మళ్ళీ మరిచిపోయి మళ్ళీ నేర్చుకోవచ్చు. అలా రెండోసారి ఇచ్చిన తొమ్మిది ఎలకల్లో నాలుగు దేన్నీ గుర్తుపట్టడం మానేశాయి. ఎవరూ శత్రువు కాదనుకుని, మామూలు జలుబుకి చచ్చిపోయాయి. ఆ సంగతి సువర్చల కూతురికి చెప్పలేదు.

"ప్రస్తుతానికి," అంది.

రిపోర్టు రాయడానికి రెండు రోజులు పట్టింది. 'రోగి' అని రాయవలసిన చోట 'మంజరి' అని పడుతోంది. అది కొట్టేసి సరిచేస్తే, 'నమూనా సేకరించిన ఉద్యోగి' అన్న చోట చెయ్యి ఆగిపోతోంది. కమిటీ ప్రయోగం ఆపేసింది. సత్యవేణిని విచారణ అయ్యేవరకూ పనికి రావద్దన్నారు. కన్నబిడ్డని సొంత ప్రయోగంలో చేర్చుకోవడం గురించి సువర్చలని కూడా గంటన్నర అడిగారు. గుళిక కోసం పదకొండు మంది పిల్లలు వరసలో ఉన్నారు. పార్వతీపురం నుంచి ఒక తండ్రి ఫోన్ చేసి, "మా బాబు వంతు వచ్చే నెలన్నారు కదండీ," అన్నాడు. ఆయనకి ఏం చెప్పిందో తర్వాత ఎంత తలుచుకున్నా ఆమెకి గుర్తు రాలేదు.

తల్లి చెయ్యి దూరమయ్యాక మంజరి కుదుటపడింది. నెలాఖరుకి రక్తం లేదు. డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తలేదు. సువర్చల కంచం, గ్లాసు విడిగా పెట్టుకుంది. నీళ్ళ బిందెలో గ్లాసు ముంచదు. కూతురు పరీక్షల్లో మంచి మార్కులతో వచ్చి బుగ్గ చూపిస్తే, ఆ బుగ్గ దగ్గర ఆగి, జుట్టు మీద ముద్దు పెట్టింది.

ఒకసారి సత్యవేణి టీచర్ గారిని చూడ్డానికి వచ్చింది. చాలాసేపు నిలబడే ఉంది. "కూర్చోవే," అని హైమావతి మూడుసార్లు అన్నారు. మంజరి, "ఆంటీ, మీరు పెట్టండి, చూద్దాం," అంది. ప్లేటు మీద పంతొమ్మిదో నెంబరు నల్లగా ఉంది కనక సువర్చల సరేనంది. సత్యవేణి చేతులు కడుక్కుని, అన్నంలో పప్పు వేసి, పచ్చి ఉల్లిపాయ వేళ్ళతో నలిపి కలిపి, పెద్ద పెద్ద ముద్దలు పెట్టింది. మంజరి ఏడు తింది. సువర్చల వంటింటి గుమ్మంలో నిలబడి లెక్కపెట్టింది. సాయంత్రం జ్వరం లేదు. రిజిస్టర్లో మూడో గడిలో హైమావతి 'సత్యవేణి' అని రాశారు.

మర్నాడు పొద్దున్న సువర్చల ఆరిలోవలో సత్యవేణి ఇంటి తలుపు తట్టింది.

"పిల్లని మార్చలేను. నన్ను మార్చుకోగలను. నా పేగులో కాపురమున్నవాటిని ఖాళీ చేయించి, నీవి పెట్టుకుంటాను. రోజూ నీ ఇంట్లో, నీ చేత్తో తినాలి. ఎన్నాళ్ళో తెలియదు."

సత్యవేణి గుమ్మంలోనే కొంగుకి చేతులు తుడుచుకుంది. "మీరు రాసిన కాయితంతో ఉజ్జోగం ఆగిపోనాది. ఇప్పుడు మా ఇంటికి బోజనానికి వస్తానంటన్నారు. బాగుంది మేడమ్."

"పెట్టనంటే వెళ్ళిపోతాను."

"పెట్టనని ఎవరన్నారు? సద్దన్నం తింటారా, మీ డాట్రు కడుపుకి అరుగుద్దా?"

వారం రోజులు మందులు మింగి ఒంట్లో శక్తంతా పోయాక, సువర్చల ఆ ఇంట్లో నేల మీద కూర్చుని చద్దన్నం తింది. సత్యవేణి పాలు తోడేస్తే ఆ పెరుగే తింది. ఆమె వేళ్ళతో నలిపిన ఉల్లిపాయ, ఆమె కలిపిన ముద్ద. మొదట్లో పరాయి చెయ్యి నోటిదాకా వస్తుంటే తల వెనక్కి వెళ్ళిపోయేది. "నోరు తెరండి మేడమ్, మీ పాప నయం," అనేది సత్యవేణి. విచారణ గురించి ఇద్దరూ మాట్లాడుకోరు. ఒక్కరోజు మాత్రం సత్యవేణి, "నా తరపున ఏటైనా సెప్తారా?" అని అడిగింది. "జరిగింది చెప్తాను," అంది సువర్చల. అది తన తరపునో కాదో తేల్చుకోలేక సత్యవేణి ఇంకో ముద్ద కలిపింది.

ప్రతి సోమవారం ఫిరోజ్ సువర్చల నమూనాని ప్లేటు మీద చూసేవాడు. మూడో వారానికి వెలుగు కొంచెం మసకబారింది. ఆరో వారానికి సగమైంది. తొమ్మిదో వారం అతను దీపం దగ్గర్నుంచి లేచి ఆమెని కూర్చోమన్నాడు. గుంట నల్లగా ఉంది. పక్కనే పంతొమ్మిదో నెంబరు గుంట. రెండిటికీ తేడా లేదు.

"కంగ్రాట్స్ మేడమ్," అని, అది సరైన మాటో కాదో తెలియక, "టీ తెమ్మంటారా?" అన్నాడు.

* * *

ఆదివారం మధ్యాహ్నం సువర్చల చేతులు కడుక్కుంది. స్పిరిట్ రాయలేదు. కంచంలో అన్నం, పప్పు వేసి కలిపింది. హైమావతి రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. ఎర్ర పెన్ను, నీలం పెన్ను రెండూ బల్ల మీద ఉన్నాయి.

"భయమేస్తే వద్దులే," అంది సువర్చల.

"భయం నీకే వేస్తోంది," అంది మంజరి, నోరు తెరిచి.

మొదటి ముద్ద నమిలి ఆగింది. కళ్ళు పెద్దవి చేసింది. "అమ్మా, ఇది అచ్చం సత్యవేణాంటీ ముద్దలా ఉంది."

సువర్చల కంచంలోకి చూసింది. పప్పన్నంలో ఉల్లిపాయ ఎప్పుడు నలిపిందో తనకి తెలియలేదు. వాళ్ళింట్లో పప్పన్నంలో ఉల్లిపాయ వేసే అలవాటు ఎప్పుడూ లేదు. ముద్ద కూడా పెద్దదే చేసింది.

"బాగోలేదా?"

"బాగుంది. నీదిలా లేదు, అంతే." ఇంకో ముద్దకి నోరు తెరిచింది.

అన్నం తిన్నాక మంజరి కెమిస్ట్రీ ట్యూషన్‌కి వెళ్ళి వచ్చింది. నాలుగింటికి ఒకసారి, ఐదున్నరకి ఒకసారి సువర్చల అరచెయ్యి కూతురి నుదుటి మీద పెట్టింది. చెయ్యే వేడిగా ఉందో నుదురే వేడిగా ఉందో తేలలేదు. ఆరింటికి హైమావతి థర్మామీటర్ తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు."

మంజరి ఒక్క గెంతులో తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. సువర్చల ఆ పిల్ల బుగ్గ మీద ముఖం ఆన్చి ఉండిపోయింది. సోమవారం పొద్దున్న ఇంకా రావలసి ఉంది. ఆ తర్వాతి ఆదివారం కూడా. ఆరిలోవ వెళ్ళడం ఎప్పుడు మానాలో, మానితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

హైమావతి నీలం పెన్ను తీసి తేదీ వేశారు. పప్పన్నం అని రాశారు. నాలుగో గడిలో అంకె వేశారు. మూడో గడి దగ్గర ఆగారు.

"ఎవరి చెయ్యని రాయనమ్మాయ్?"

సువర్చల కూతురి భుజం మీదనుంచి తన కుడిచెయ్యి చూసుకుంది. పగుళ్ళు మానాయి. గోళ్ళలో ఉల్లిపాయ వాసన.

"ఖాళీగా వదిలెయ్యండి అత్తయ్యగారూ."

"ఇంక ఈ రిజిస్టర్లో ఖాళీలు వదలనమ్మా. ఒక్కసారి అడగకుండా వదిలే ఇంత చేశాను."

"మరైతే నాకు తెలియడం లేదు."

హైమావతి కోడలి వంక చూసి, తల ఊపి, పెన్ను సరిగా పట్టుకున్నారు. మూడో గడిలో, పిల్లలకి దిద్దడానికి రాసిచ్చినట్టు గుండ్రంగా, 'తెలియదు' అని రాశారు.